బొమ్మ గుర్తులు – సంఘం మాట

(ఎల్లారెడ్డిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, తీర్మానాల పుస్తకం అడుగుతాడని మీరు అనుకొంటారు. ఈ రోజు అవి అడగబోము. సెల్‌ఫోనులో వచ్చే బొమ్మ గుర్తుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. వీటినే ఎమోజీలు అంటున్నారు. నవ్వే ముఖము, ఏడ్చే ముఖము, పైకెత్తిన బొటనవేలు, జోడించిన చేతులు, పాల గ్లాసు, ఇవన్నీ మీరు రోజూ చూచేవే.

ఇది మా విషయం ఎట్లా అయినదని కొందరికి సందేహం రావచ్చును. పోయిన తరగతిలో ఒక యువ సభ్యుడు లేచి, "సార్, పెద్ద కంపెనీలన్నీ ప్రకటనలలో ఎమోజీలు పెడుతున్నాయి. మన సంఘం బోర్డు మీద, పాల స్లిప్పు మీద, ఊరిలో అమ్మే పాల దగ్గర నవ్వు ముఖం పెడితే బాగుంటుంది గదా?" అని అడిగినాడు. మంచి ప్రశ్నే. దానికి అప్పుడు సరైన జవాబు మా దగ్గర లేదు. ఆ తరువాత ఒక సంఘంలో జరిగిన సంగతి మాకు జవాబు నేర్పినది. అది చెప్పేముందు ఈ గుర్తుల పుట్టుక కొంచెం తెలిసికొందాము.

ఈ గుర్తులు ఎక్కడివి?

ఎమోజీ అన్నది జపాను మాట. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరము. అనగా బొమ్మ అక్షరము. 1999లో జపానులోని ఎన్.టి.టి. డొకోమో అనే టెలిఫోను కంపెనీ కొరకు షిగెటకా కురిటా అనే ఆయన 176 చిన్న బొమ్మలు తయారు చేసినారు. ఒక్కొక్క బొమ్మకు అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కలు మాత్రమే. మన ఆడవారు వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్లే ననుకోండి. 2010లో యూనికోడ్ అనే ప్రపంచ సంస్థ వీటిని అక్షరాల జాబితాలో చేర్చి, ఒక్కొక్క దానికి ఒక నంబరు ఇచ్చినది. ఆవు, ఎనుము బొమ్మలు అప్పుడే వచ్చినవి. పాల గ్లాసు బొమ్మ 2016లో వచ్చినది. ఇప్పుడు మొత్తం మూడున్నర వేలకు పైగా ఉన్నవి.

పసుపు పచ్చని నవ్వు ముఖం వీటన్నింటికంటె పాతది. 1963లో అమెరికాలో ఒక బీమా కంపెనీ తన ఉద్యోగులను ఉత్సాహపరచుటకు హార్వీ బాల్ అనే చిత్రకారుని చేత దానిని గీయించినది. ఆయనకు ముట్టినది 45 డాలర్లు. ఆయన దానిపై హక్కు నమోదు చేయించుకొనలేదు. తరువాత 1970లలో ఫ్రాన్సులో మరొకరు నవ్వు ముఖమును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసికొని, అనేక దేశాలలో పెద్ద వ్యాపారం చేసినారు. మన బోర్డు మీద ఏ బొమ్మ వేయాలన్నా ముందు ఈ సంగతి గుర్తుంచుకోవలెను. కనబడిన బొమ్మ అంతా ఊరుమ్మడి సొత్తు కాదు.

మనకు గుర్తులు కొత్తవి కావు

బ్రాండు, బ్రాండు అని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఇంగ్లీషులో ఆ మాటకు ఒక పాత అర్థం కాల్చి వేసే ముద్ర. పశువు ఎవరిదో తెలియుటకు వేసే వాత అన్న మాట. కావున ఈ విద్య పశువుల కాపరుల నుండే కంపెనీల వారికి పోయినది గాని, వారి నుండి మనకు వచ్చినది కాదు.

1951-52లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు చదువు వచ్చినవారు చాల తక్కువ. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించినారు. జోడెడ్లు, గుడిసె, చెట్టు, కంకి కొడవలి, ఇటువంటివి. గమనించండి, అవన్నీ పల్లె మనిషి కంటితో రోజూ చూచే వస్తువులే. 1960ల చివర కుటుంబ నియంత్రణకు ఎర్ర త్రికోణము, నాలుగు ముఖాల బొమ్మ వచ్చినవి. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు. ఒక్క అక్షరం రానివారికి కూడా దాని సంగతి తెలిసినది. ఎందుకు తెలిసినది? బొమ్మ గొప్పదై కాదు. ఆ బొమ్మ గోడ మీద వేసిన తరువాత ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి నోటితో చెప్పినారు. బొమ్మ ఆ మాటను గుర్తు చేసినది, అంతే.

మరొక సంగతి. తినుబండారాల ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు చుక్క ఉండేవి. రెండూ గుండ్రనివే. కొందరి కళ్లకు ఆ రెండు రంగులకు భేదం తెలియదు. అటువంటివారు మోసపోతున్నారని 2020 నాటి లేబులింగు నిబంధనలలో మాంసాహార గుర్తును త్రికోణంగా మార్చినారు. కళ్లు బాగున్నవారు గీచిన గుర్తు, కంటి లోపం ఉన్నవారి కొరకు మళ్లీ మార్చవలసి వచ్చినది. ముందే వారిని అడిగి ఉంటే ఇంత పని ఉండేది కాదు.

ఒక సంఘంలో జరిగినది

ఇక అసలు సంగతి. ఈ డివిజనులోనే ఒక సంఘం. పేరు చెప్పము. తనిఖీకి పోయి పాల సేకరణ రిజిస్టరు తిరగవేస్తుండగా ఒక సభ్యురాలి నంబరు ఎదుట నాలుగు రోజులు ఖాళీగా కనబడినది. ఆమెకు రెండు బర్రెలు. రెండు పూటలా కలిపి ఏడు లీటర్లు పోసే మనిషి. సంవత్సరం పొడుగునా ఒక్క పూట తప్పినది లేదు. బర్రెకు జబ్బు చేసినదేమో అని కార్యదర్శిని అడిగితే, "తెలియదు సార్, బయట పోస్తున్నట్టు ఉన్నది" అన్నాడు.

మేము ఆమె ఇంటికి పోయినాము. పెనిమిటి లేడు. కొడుకు దుబాయిలో పని చేస్తున్నాడు. పోతూ పోతూ తల్లికి ఒక ఫోను కొనిచ్చినాడు. ఆమెకు చదువు రాదు.

"ఏమమ్మా, నాలుగు రోజులైంది, పాలు పోస్తలేవట?" అని అడిగినాము.

"నా పాలు వద్దన్నరు గద సారూ. మల్ల నేనెందుకొస్త?"

"ఎవరు వద్దన్నారమ్మా?"

"సెక్రటరీ ఫోన్ల బొమ్మ పంపిండు. సూడుండ్రి" అని ఫోను మా చేతికి ఇచ్చినది.

పైన రెండు పంక్తులు తెలుగులో ఉన్నవి. బల్క్ కూలరు మరమ్మతు వలన రేపు ఉదయం పాల సేకరణ ఆరు గంటలకు బదులు ఎనిమిది గంటలకు జరుగునని దాని సారాంశం. కింద చదువురానివారి కొరకు మూడు బొమ్మలు పెట్టినాడు. పాల గ్లాసు, దాని పక్కన ఎర్రని అడ్డగీతల గుర్తు, చివర జోడించిన చేతులు. ఆరు గంటలకు పాలు లేవు, దయచేసి సహకరించండి అని అతని భావము. ఆమె అక్షరాలు చదవలేదు, బొమ్మలు చదివినది. పాలు, వద్దు, నమస్కారం! అనగా, నీ పాలు మాకు వద్దు, నీకో దండం అని అర్థం చేసికొన్నది.

అట్లా అనుకొనుటకు ఇంకొక కారణం కూడా ఉన్నది. ఆ ముందు రోజు సాయంత్రం ఆమె పాలలో వెన్నేతర ఘన పదార్థాలు తక్కువ వచ్చినవి. పరీక్ష చేసే పిల్లవాడు పదిమంది ఎదుట, "నీళ్లు ఎక్కువైనట్టున్నయి" అని నవ్వినాడు. ఎండకాలం, పచ్చిమేత లేదు. బర్రె ఈని చాల నెలలైనది. నీళ్లు కలిపినది కాదు. ఆ అవమానం మనసులో ఉండగా, రాత్రి ఫోనులో ఎర్రగీతలు కనబడినవి. ఆ గుర్తు ఊరందరికీ పోయినదని ఆమెకు తెలియదు, తన ఒక్కదానికే అనుకొన్నది. ఎవరినీ అడుగుటకు మొఖం చెల్లక, లీటరుకు ఆరు రూపాయలు తక్కువకు బయటి వ్యాపారికి పోసినది.

లెక్క చూడండి. ఏడు లీటర్లు, నాలుగు రోజులు, ఆరు రూపాయలు. నూట అరవై ఎనిమిది రూపాయల నష్టం. ఆ పాలకు రావలసిన బోనసు పోయినది. ఓటు హక్కుకు బైలాలో చెప్పిన పాలు పోసిన రోజులలో నాలుగు తగ్గినవి. మేము ఆ రోజు పోకపోతే ఆమె ఇక తిరిగి వచ్చేది కాదు. సంఘానికి పోయినది ఇరవై ఎనిమిది లీటర్లు కాదు, ఒక సభ్యురాలు.

కార్యదర్శి చెడ్డవాడు కాదు. చదువురానివారికి కూడా కబురు అందవలెనన్న మంచి బుద్ధితోనే బొమ్మలు పెట్టినాడు. అంత ఆలోచన చేసేవారు ఎంతమంది ఉన్నారు? కాని ఏ బొమ్మ పెట్టాలో తానే నిశ్చయించినాడు. చదివేవారిని అడుగలేదు.

మేము అతనిని వెంట తీసికొని మళ్లీ ఆమె దగ్గరకు పోయినాము. అతడు తప్పు ఒప్పుకొని, "అక్కా, నా ఉద్దేశం అది కాదు" అని చెప్పినాడు. "మరి ఏ బొమ్మ పెడితే నీకు తెలిసేదమ్మా?" అని మేము అడిగినాము. ఆమె ఆలోచించనైనా లేదు. "గడియారం బొమ్మ పెడితే తెలుస్తుండె సారూ. అండ్లకెల్లి నోటితోని చెప్పినా ఇంటుంటి గద" అన్నది. ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు చేసిన మాకు, పాల లెక్క రాసే కార్యదర్శికి తోచనిది, చదువురాని ఆమెకు ఒక్క క్షణంలో తోచినది.

బొటనవేలు సంతకమా?

ఇతరుల తప్పు చెప్పి మా తప్పు దాచుట న్యాయం కాదు. ఒక రాత్రి ఒక కార్యదర్శి దాణా కొనుగోలు లెక్కల కాగితం ఫొటో తీసి మాకు పంపినాడు. ప్రయాణంలో ఉండి, అందినదన్న భావంతో బొటనవేలు గుర్తు పెట్టినాము. మరునాడు కమిటీలో "ఇన్‌స్పెక్టరు సారు ఒప్పుకొన్నారు" అని చెప్పి చెల్లింపు చేసినారు. తనిఖీలో చూస్తే రెండు వోచర్లు లేవు. అభ్యంతరం వ్రాయబోతే, మా బొటనవేలే మాకు చూపినారు. వోచర్లు తెప్పించి లెక్క సరిచేసేవరకు మాకు నిద్ర పట్టలేదు.

ఇది మన ఊళ్లలో మాత్రమే జరిగేది కాదు. కెనడా దేశంలో సస్కాచెవాన్ అనే రాష్ట్రం ఉన్నది. 2021లో అక్కడ ఒక ధాన్యం కంపెనీ వారు ఒక రైతుకు అవిసె గింజల ఒప్పంద పత్రం ఫొటో ఫోనులో పంపి, ఖాయపరచమని కోరినారు. రైతు బొటనవేలు గుర్తు పంపినాడు. తరువాత ధర పెరిగినది, గింజలు అందలేదు. పత్రం అందినదని చెప్పుటకే ఆ గుర్తు పెట్టినానని రైతు వాదించినాడు. ఇంతకుముందు కూడా వారిద్దరి మధ్య ఫోనులో పొట్టి జవాబులతోనే ఒప్పందాలు జరిగినవని కోర్టు చూచినది. 2023లో ఆ బొటనవేలు సంతకంతో సమానమని తీర్పు చెప్పి, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమన్నది. 2024లో అప్పీలు కోర్టు కూడా దానినే ఖాయపరచినది.

మన దేశంలో కూడా, ఎలక్ట్రానిక్ రూపంలో జరిగినదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనుటకు వీలులేదని సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ చెప్పుచున్నది. కాబట్టి ప్రతి బొటనవేలూ ఒప్పందమవుతుందని మేము అనము. కాని వెనుకటి రోజులలో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయవద్దని మన పెద్దలు ఎందుకు చెప్పినారో, ఇప్పుడు ఫోనులో వేలు ఎత్తేముందు అదే జ్ఞాపకం చేసికోవలెను.

బోర్డు మీద, ప్యాకెట్ మీద

ఇక యువ సభ్యుని ప్రశ్నకు వద్దాము. వాడకందారులకు మన సరుకు గుర్తుండుటకు బొమ్మ పనికివస్తుందా? తప్పక పనికివస్తుంది. 1966 నుండి అమూల్ వెన్న ప్రకటనలలో చుక్కల గౌను తొడిగిన పాప ఉన్నది. ప్రకటనల సంస్థ నడిపిన సిల్వెస్టర్ డకునా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ ఆ పాపను తయారు చేసినారు. నాటి నుండి నేటివరకు అదే పాప. మాటలు వారం వారం మారుతవి, ముఖం మారదు. అది సహకార రంగం తనకై చేయించుకొన్న సొంత బొమ్మ.

ఫోనులోని ఎమోజీకి ఆ స్థిరత్వం లేదు. యూనికోడ్ వారు ఇచ్చేది నంబరు, పేరు మాత్రమే. బొమ్మను ఏ కంపెనీకి ఆ కంపెనీ వేరుగా గీసికొంటుంది. 2016లో ఆపిల్ కంపెనీ తుపాకి బొమ్మను తీసివేసి నీళ్లు చిమ్మే పిల్లల తుపాకిగా మార్చినది. చాల కంపెనీలు 2018 వరకు మార్చలేదు. ఆ రెండేళ్లు ఒకరు ఆటవస్తువు పంపితే మరొకరి ఫోనులో నిజమైన తుపాకి కనబడేది. పైగా ఆ చిత్రాలపై హక్కులు ఆయా కంపెనీలవి. ఫోనులోని బొమ్మను ఎత్తి బోర్డు మీద, ప్యాకెట్ మీద అచ్చు వేయించుట మంచిది కాదు. బొమ్మ కావాలంటే మన ఊరి పెయింటరు చేతనే మన బర్రెనో, మన క్యానునో గీయించుకొందాము. ఖర్చు తక్కువ, బొమ్మ మనది.

మరొక ముఖ్య విషయం. మన రాష్ట్రంలో విజయ అన్న పేరు చూచి తల్లులు పిల్లలకు పాలు కొంటున్నారు. 1974లో డెయిరీ అభివృద్ధి కార్పొరేషను, 1981లో సహకార సమాఖ్య, 2014 తరువాత తెలంగాణ సమాఖ్య. సంస్థ పేర్లు మారినవి గాని పాలు పోసే చేతులు ఇవే. టోన్డు పాలు అని వ్రాసినచోట వెన్న 3 శాతం, వెన్నేతర ఘన పదార్థాలు 8.5 శాతం ఉండవలెను. ఫుల్ క్రీము అని వ్రాసినచోట 6 శాతం, 9 శాతం ఉండవలెను. ఆ అంకెలు నిజమైతే ప్యాకెట్ మీద ఏ బొమ్మ లేకున్నా కొంటారు. పాలు విరిగితే నవ్వు ముఖం చూచి ఇంకా ఎక్కువ కోపం వస్తుంది. సంఘం బోర్డు మీద నవ్వు ముఖం వేయించి, లోపల పాలు పోసే మనిషిని చూచి నవ్వితే, ఆ బోర్డును ఎవరు నమ్ముతారు?

సంఘాలకు మా సూచనలు

ఆ సంఘం వారు తరువాత సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకొని కొన్ని పద్ధతులు పెట్టుకొన్నారు. వాటికి మావి కొన్ని చేర్చి మనవి చేస్తున్నాము.

1. సంఘం గ్రూపులో వాడే బొమ్మలు అయిదారుకు మించరాదు. సమయం మారితే గడియారం, బిల్లు జమ అయితే డబ్బు సంచి, పశువైద్య శిబిరానికి బర్రె, ఈ విధంగా. ఏ బొమ్మకు ఏ అర్థమో కేంద్రం గోడ మీద రంగులతో వేయించండి.

2. బొమ్మను ఎన్నుకొనేముందు చదువురాని సభ్యులను, ముఖ్యంగా ఆడవారిని, నలుగురిని అడగండి. "ఇది చూస్తే మీకేమని తోస్తుంది?" అని అడిగితే చాలు. నలుగురూ ఒక్కటే చెప్పితే ఆ బొమ్మ ఉంచండి. రెండు విధాలుగా చెప్పితే తీసివేయండి.

3. ప్రతి ముఖ్యమైన కబురుకు బొమ్మతో పాటు నోటి మాట కూడా పంపండి. ఫోనులో మాట రికార్డు చేసి పంపుట అరనిమిషం పని.

4. డబ్బు, లీటర్లు, వెన్న శాతం, ధర, వీటిని బొమ్మలతో చెప్పరాదు. అంకెలు వ్రాయవలెను, స్లిప్పు ఇవ్వవలెను.

5. సమావేశపు నోటీసు, తీర్మానం, చెల్లింపు అనుమతి బైలాలో చెప్పిన పద్ధతినే జరగవలెను. బొటనవేలు బొమ్మను మేము సంతకంగా అంగీకరించము. మేము కూడా ఇకమీదట కాగితం అందితే "అందినది" అని మాటలలో వ్రాస్తాము.

6. ఒకరి పాలు తక్కువ వచ్చినా, తిరిగి పంపవలసి వచ్చినా, గ్రూపులో ఏ గుర్తూ పెట్టరాదు. ఆ మనిషిని పక్కకు పిలిచి, పరీక్ష చూపించి, మేత సంగతి, ఈనిన నెలల సంగతి అడిగి, నెమ్మదిగా చెప్పవలెను.

7. ఒక సభ్యుని నంబరు ఎదుట రెండు రోజులు వరుసగా ఖాళీ కనబడితే కార్యదర్శి ఇంటికి పోయి కనుక్కోవలెను. దీనికి ఏ బొమ్మా అక్కరలేదు.

ఇందులో ఏడవదే మాకు అన్నింటికంటె ముఖ్యమని తోచుచున్నది. నాలుగు రోజులు ఖాళీ గళ్లు రిజిస్టరులో ఉన్నవి. అది కూడా ఒక గుర్తే. దానిని ఎవ్వరూ చదవలేదు.

ఆ సంఘానికి మేము మొన్న మళ్లీ పోయినాము. గోడ మీద ఆరు బొమ్మలు వేసి ఉన్నవి. గడియారం కొంచెం వంకరగా వచ్చినది, పెయింటరు ముల్లు ఒకటి మరిచినాడు. ఆ సభ్యురాలు క్యాను దించి, పాలు పోసి, స్లిప్పు తీసికొని, ఆ గడియారం వైపు చూచి, "గది నేను చెప్పిందే సారూ" అన్నది. పరీక్ష చేసే పిల్లవాడు ఆమె స్లిప్పులోని అంకెలు పైకి చదివి వినిపించినాడు.

మీ సంఘాలలో కూడా ఇటువంటి సంగతులు జరిగి ఉంటే, వచ్చే తరగతిలో దాచకుండ చెప్పవలెనని కోరుచున్నాము. సాయంత్రం పాల వేళకు ఎవరికీ ఆలస్యం కారాదు.